మూసలో దాగిన శాస్త్రం: ద్రవ్యం, పాకం, ఉక్కు

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కుమారుడైన శ్వేతకేతువుకు మూడు దృష్టాంతాలు చూపుతాడు: మట్టిముద్ద, బంగారుముద్ద, గోళ్లు తీసే ఇనుప సాధనం. వికారాలు ఎన్నైనా మూలద్రవ్యం ఒక్కటే అని అక్కడి బోధ. వేదాంతులు వీటిని ఏకత్వనిరూపణకై స్వీకరించారు. ఆ మూడు వస్తువులనే ముందుంచుకొని మరొక ప్రశ్న కూడా అడగవచ్చు. ద్రవ్యం ఒక్కటే అయినప్పుడు గుణాలు ఇంతగా ఎందుకు భేదిస్తాయి? సులభంగా వంగే మేకు, పదునైన ఖడ్గం రెండూ ఇనుమే కదా! ఆధునిక పదార్థవిజ్ఞానానికి మూలప్రశ్న ఇదే.

ఆ శాస్త్రం నిర్మాణోపయోగ ద్రవ్యాలను ప్రధానంగా నాలుగు వర్గాలుగా విభజిస్తుంది. మొదటివి లోహాలు. వీటిలో కొన్ని ఎలక్ట్రాన్లు పరమాణువుల నడుమ స్వేచ్ఛగా సంచరిస్తాయి; అందువల్లనే లోహం విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, దెబ్బకు పగలక సాగుతుంది. రెండవవి కుండ, ఇటుక, పింగాణి వంటి మృణ్మయాలు, అనగా సిరామిక్‌లు. వీటి బంధాలు దృఢమైనవి. ఇవి మహాతాపాన్ని సహిస్తాయి కాని దెబ్బకు పగులుతాయి. మూడవవి పాలిమర్లు: పత్తి, కట్టె, రబ్బరు, ప్లాస్టిక్కు. ఇవి దీర్ఘశృంఖలాల వంటి బృహదణువులతో ఏర్పడినవని 1920లో జర్మన్ రసాయనవేత్త హెర్మన్ స్టౌడింగర్ ప్రతిపాదించాడు. నాలుగవవి సంయుక్తపదార్థాలు, అనగా కాంపోజిట్‌లు. ఒక ద్రవ్యపు లోపాన్ని మరొక ద్రవ్యపు బలంతో పూరించే కూర్పులివి. అర్ధవాహకాలను ప్రత్యేకవర్గంగా చెప్పేవారూ ఉన్నారు.

మన దర్శనాలలో ద్రవ్యగుణవిచారాన్ని ప్రధానంగా చేపట్టినవి న్యాయవైశేషికాలు. పచ్చికుండను ఆవంలో కాల్చితే నలుపు పోయి ఎరుపు వస్తుంది. ఈ మార్పు ఎక్కడ జరిగింది? అగ్నిసంయోగంతో కుండ పరమాణువుల వరకు విడిపోయి, పరమాణువులలో కొత్తరంగు పుట్టి, అవి మరల కూడి కుండ అవుతాయని వైశేషికులన్నారు. ఇది పీలుపాకవాదం. కుండ విడిపోతే "ఇది ఆ కుండే" అనే ప్రత్యభిజ్ఞ ఎలా కలుగుతుందని నైయాయికులు ప్రశ్నించారు. అవయవి చెడకుండానే పాకం జరుగుతుందన్నారు. ఇది పిఠరపాకవాదం. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రపండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహదీపికలో ఈ రెండు మతాలనూ వివరించాడు. బంగారం మొదలైన లోహాలను ఆయన పృథివిలో చేర్చక తేజస్సులో చేర్చాడు. ఎంత కాల్చినా బంగారపు ద్రవత్వం నశించదు గనుక అది పార్థివం కాదని ఆ శాస్త్రపు యుక్తి. అగ్ని ఎదుట వస్తువు ప్రవర్తించే తీరే అక్కడ వర్గీకరణకు ఆధారం.

సరిగా ఆ 17వ శతాబ్దిలోనే, ఈ తెలుగునేల మీదనే, అగ్నిపాకం మరొక రూపంలో సాగుతున్నది. గోల్కొండ రాజ్యపు ఉక్కు ఖడ్గనిర్మాణానికై పర్షియాదేశం వరకు పోయేది. నేటి నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఆ ఉక్కుకు ప్రసిద్ధి. అక్కడి కమ్మరుల పద్ధతిని హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయుడు వర్ణించిన రచన 1832లో ప్రచురితమైంది.

దక్షిణభారతపు ఆ మూసను నిదానించి చూస్తే నాలుగు వర్గాలూ ఒక్కచోట కనబడతాయి. మూస బంకమట్టితో చేసినది, అది మృణ్మయం. మట్టిలో వరిఊక కలిపేవారు, కనుక అది సంయుక్తపదార్థం. ఊక మాడిన తరువాత మిగిలిన కర్బనం, సిలికా మూసను తీవ్రతాపంలో నిలబెట్టేవి. లోపలిది ఇనుము, అది లోహం. కొన్నిచోట్ల ఇనుముతో పాటు ఆకులు, కట్టెముక్కలు వేసేవారు. అవి ప్రకృతి ఇచ్చిన పాలిమర్లు. వాటి నుండి కర్బనం ఇనుములోకి చేరేది. నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు కర్బనం, ఆపై నిదానమైన శీతలీకరణం, ఇంతే రహస్యం. నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు లోపల ఇనుప కార్బైడు ఒక విన్యాసంగా ఏర్పడుతుంది. మితమైన వేడిమిలో సాగగొట్టినప్పుడు ఆ విన్యాసమే కత్తి మీద నీటి అలల వంటి రేఖలుగా ప్రకటమవుతుంది.

ఈ ఉక్కును ఐరోపావారు వూట్జ్ అన్నారు. ఆ పదం మన "ఉక్కు" నుండే వచ్చిందని పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ దీనిపై లండన్ రాయల్ సొసైటీకి పరిశోధనపత్రం సమర్పించాడు. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో దీనిని విశ్లేషించాడు. 1860వ దశకంలో షెఫీల్డుకు చెందిన హెన్రీ సార్బీ ఉక్కును నునుపుచేసి, ఆమ్లంతో తాకించి, సూక్ష్మదర్శినిలో చూశాడు. గుణభేదానికి కారణం ద్రవ్యమాత్రం కాదు, అంతర్నిర్మాణం కూడా అనే నిశ్చయం ఈ మార్గంలోనే బలపడింది.

ఇక్కడ జిజ్ఞాసువులు రెండు విషయాలు గ్రహించాలి. కణాదమహర్షికి స్ఫటికవిన్యాసం తెలుసునని చెప్పడం సత్యానికీ, శాస్త్రానికీ గౌరవం కాదు. కుండ కాలినప్పుడు దాని ఆకారం నిలిచి ఉండగానే లోపలి నిర్మాణం మారుతుందని నేడు తెలుసు. కాని ఆ నిర్ణయం ప్రయోగంతో వచ్చింది. మన ఆచార్యుల ఘనత ఆ ప్రశ్నను అంత సూక్ష్మంగా అడగడంలో ఉన్నది.

రెండవది కొంత బాధాకరం. ఒకే శతాబ్దిలో పాకాన్ని గురించి వాదించిన పండితుడున్నాడు, పాకాన్ని చేతితో సాధించిన కమ్మరి ఉన్నాడు. పండితుని దృష్టాంతం కుండ దగ్గరే ఆగింది. పక్క ఊరి కొలిమి శాస్త్రచర్చలోకి రాలేదు. కమ్మరి విద్య గ్రంథస్థం కాలేదు. 19వ శతాబ్దిలో యంత్రాలతో చౌక ఉక్కు వెల్లువెత్తినప్పుడు కొలిముల నిప్పు ఆరింది, ఆ విద్య వారితోనే ముగిసింది. ఆ ఉక్కు మర్మాన్ని నేటి శాస్త్రజ్ఞులు పాతకత్తుల ముక్కలను పరీక్షించి తిరిగి వెతుక్కోవలసి వచ్చింది.

మట్టి, బంగారం, ఇనుము ఈ మూడింటితో బ్రహ్మవిద్యను బోధించిన ఋషి, కుమ్మరి, కంసాలి, కమ్మరి చేతిపనిని తక్కువగా చూడలేదు. చేతిలోని జ్ఞానం కూడా జ్ఞానమే అని అంగీకరించి, దానిని అడిగి తెలుసుకొని, వ్రాసి నిలపడం ఆ ఉపదేశానికి మనం చేయదగిన సేవ.