రెండు త్రాళ్ళు

పోలండు దేశమున 1988 మార్చిలో ఒక చలనచిత్రము విడుదలయినది. ఆ మరుసటి నెల 21వ తేదీన, ఆ దేశముననే, క్రాకోవ్ నగరపు కారాగారములో ఒక హంతకుని ఉరితీసిరి. చిత్రము ఉరిశిక్షను గూర్చినది. ఆ ఉరి పోలండులో జరిగిన ఉరులలో కడపటిది. ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన నిలిపి, ఆ చిత్రమే ఉరికంబమును కూల్చినదని చెప్పువారు కలరు. వినుటకు ఇంపుగానే ఉండును. కాని చరిత్ర అంత తిన్నగా నడువలేదు. నడచిన త్రోవ ఆ ఇంపైన కథకంటె తెలిసికొనదగినదని మా అభిప్రాయము.

చిత్రము పేరును తెలుగున ‘చంపుటను గూర్చి ఒక చిన్న చిత్రము’ అనవచ్చును. దర్శకుడు క్షిష్టోఫ్ కీష్లోఫ్‌స్కీ. ఆయన బైబిలులోని పది ఆజ్ఞలను ఆధారముగా గొని టెలివిజనుకై పది చిత్రములు తీయబూనినాడు. అందు అయిదవది చంపరాదను ఆజ్ఞకు సంబంధించినది. (మన ప్రొటెస్టంటు క్రైస్తవుల లెక్కలో అది ఆరవ ఆజ్ఞ, పోలండు కథోలిక దేశమగుటచే అయిదవదైనది.) దానినే పెంచి సినిమాశాలలకై 84 నిమిషముల చిత్రముగా వెలువరించినాడు. ఆ యేడే కాన్ చిత్రోత్సవమున దానికి జ్యూరీ బహుమతి లభించినది.

కథ కొద్దిపాటిది. యాత్సెక్ అను యువకుడు వార్సా వీథులలో పనిలేక తిరుగుచుండును. అతని సంచిలో ఒక త్రాడు కలదు. ఒక టాక్సీ డ్రైవరు ఉదయముననే తన బండిని కడిగి తుడిచికొనుచుండును. చలిలో నిలిచి వేచియున్నవారిని ఎక్కించుకొనక వెడలిపోవును. హారను మ్రోగించి కుక్కపిల్లలను బెదరించి సంతోషించును. అట్టివానిపై మనకేమియు మమకారము కలుగదు. ప్యోటర్ అను మరియొకడు అదే దినమున న్యాయవాది పరీక్షలో నెగ్గి, లోకమెల్ల తనదేయని ఆనందించుచుండును. ముగ్గురికిని పరస్పర పరిచయము లేదు.

యాత్సెక్ ఆ టాక్సీ ఎక్కి, ఊరి వెలుపల నిర్జన ప్రదేశమునకు పోనిమ్మని, వెనుకనుండి డ్రైవరు మెడకు త్రాడు బిగించును. సినిమాలలో మనుష్యులు సులువుగా చత్తురు. ఇచ్చట అట్లు కాదు. డ్రైవరు పెనుగులాడును, హారను మ్రోగును, చేరువనే రైలుబండి సాగిపోవును, ఎవరును రారు. త్రాటితో పని తీరక హంతకుడు తుదకు రాతిని చేబట్టును. ఈ దృశ్యము ఇంచుమించు ఏడు నిమిషములు సాగును. పిమ్మట అతడు చచ్చినవాని బండిలో కూర్చుండి రేడియో త్రిప్పగా, దానినుండి పిల్లల పాట ఒకటి వెలువడును. అతడు ఆ రేడియోను పెరికి వెలుపలికి విసరివేయును. రేడియోయే మా వృత్తి యగుటచేతనేమో, చిత్రమంతటిలో మమ్ము వెన్నాడినది ఆ క్షణమే.

తరువాత న్యాయస్థానము రావలెను. సాక్షులు, వాదప్రతివాదములు, న్యాయవాది ప్రసంగము రావలెను. దర్శకుడు వానిని పూర్తిగా వదలివేసినాడు. హత్య ముగియగనే మనము చూచునది తీర్పు ముగిసిన గది. యాత్సెక్‌కు మరణశిక్ష, వాదించి ఓడినవాడు ప్యోటర్. హత్య ఏల చేసెనను ప్రశ్నకు చిత్రము సమాధానము చెప్పదు. ఉరికి ముందు ఖైదీ తన న్యాయవాదితో మాటలాడుచు, తన చిన్న చెల్లెలు ట్రాక్టరు క్రిందపడి మరణించినదనియు, దానిని నడపిన మిత్రుడు తనతో కలిసి త్రాగియుండెననియు తెలుపును. తనను ఆమె చెంత పూడ్చవలెనని కోరును. మన జాలిని అడుగు ఘట్టము ఇదియొక్కటియే. ఇది లేకున్నను చిత్రము నిలుచునని మాకు తోచినది.

ఉరి దృశ్యము మొదటిదానికంటె కొంచెము చిన్నది. తలారి వచ్చును. గదిని సిద్ధపరచును. గిలకను త్రిప్పి చూచి, త్రాటి బిగువును పరీక్షించి, క్రింద ఒక పళ్ళెమును సరిచేయును. అదెందులకో చూచువారికి తరువాత గాని తెలియదు. అతని ముఖమున క్రోధము లేదు, జాలి లేదు. చేతపట్టిన పని చక్కగా జరుగవలెనను శ్రద్ధ మాత్రమే కలదు. పిమ్మట ఖైదీని తెత్తురు. అతడు పెనుగులాడును. మొదటి త్రాడు తొందరపడిన చేతులది, రెండవది నేర్పరి చేతులది. ఈ దృశ్యము తీయుచుండగా తనకును తన బృందమునకును కాళ్ళు వణకినవనియు, ఆనాటికి పని నిలుపవలసి వచ్చినదనియు కీష్లోఫ్‌స్కీ చెప్పికొన్నాడు. ఛాయాగ్రాహకుడు స్లావొమీర్ ఇడ్జియాక్ ఆకుపచ్చ ఫిల్టరులు పెట్టి తీయుటచే వార్సా నగరమంతయు పాచిపట్టిన నీటిలో మునిగినట్లు కనబడును.

ఈ చిత్రము పుట్టిన విధమును తెలియవలెనన్న కొన్ని యేండ్లు వెనుకకు పోవలెను. 1981 డిసెంబరు 13న పోలండు ప్రభుత్వము సైనిక శాసనము విధించినది. సమ్మె చేసినవారిపైనను, గోడలపై వ్రాసినవారిపైనను విచారణలు జరుగుచుండగా, కీష్లోఫ్‌స్కీ వానిని చిత్రించుటకై కెమెరాతో న్యాయస్థానములకు పోయినాడు. అచ్చట వింత జరిగినది. కెమెరా ఎదుట ఉన్నంతవరకు న్యాయమూర్తులు కఠిన శిక్షలు విధింప వెనుదీసిరి. అన్యాయపు తీర్పు చెప్పుచున్న తమ ముఖము బొమ్మకెక్కుట వారికి ఇష్టములేకపోయినది. అంతట న్యాయవాదులే ఆయనను తమ తమ విచారణలకు పిలువసాగిరి. కొన్నిచోట్ల ఫిల్ము లేని కెమెరాను నిలిపినాడు. అదియు పనిచేసినది! అచ్చట పరిచయమైన న్యాయవాది క్షిష్టోఫ్ పియెషేవిచ్‌యే పిమ్మట ఆయనకు సహరచయిత అయినాడు. కారాగారపు మూసిన గదిలోనికి కెమెరాను కొనిపోవలెనను తలంపునకు మూలము ఆ ఖాళీ కెమెరాయే కావచ్చునని మేము ఊహించుచున్నాము.

పియెషేవిచ్ నేరస్థుల పక్షమున మాత్రమే నిలిచినవాడు కాడు. 1984లో రహస్య పోలీసుల చేతిలో హతుడైన మతాచార్యుడు యెజీ పొపియెలూష్కో కేసులో ఆయన మృతుని పక్షమున పనిచేసినాడు. అందు ప్రధాన ముద్దాయికి ప్రాసిక్యూటరు మరణశిక్ష కోరగా, న్యాయస్థానము 25 ఏండ్ల కారాగారము విధించినది. చిత్రము వెలువడిన మరుసటి యేడు, 1989లో, పియెషేవిచ్ తల్లియే హత్యకు గురియైనది.

ఇక శాసనము మాట. ఆ దేశమున మరణశిక్ష హంతకులకు మాత్రమే పరిమితమై ఉండలేదు. ఆష్‌విట్జ్ శిబిరమునకు తానై పట్టుబడి పోయి, అందలి ఘోరములను లోకమునకు తెలియజేసిన వితోల్ద్ పిలెత్స్కిని 1948లో ఆ ప్రభుత్వమే చంపించినది. మాంసపు వర్తకములో అవినీతి జరిపినాడని ప్రభుత్వ వ్యాపార సంస్థ అధికారి నొకనిని 1965లో ఉరితీసిరి. 1969 శిక్షాస్మృతిలో మరియొక చిక్కు వచ్చి చేరినది. అందు యావజ్జీవ శిక్ష లేదు. 25 ఏండ్లు, లేదా త్రాడు. నడుమ ఏమియు లేదు.

1988 ఏప్రిల్ తరువాత ఉరులు ఆగినవి. 1989 వేసవిలో ఎన్నికలు వచ్చినవి, ప్రభుత్వము మారినది. ఆ డిసెంబరు 7నాటి క్షమాభిక్ష శాసనము అప్పటి మరణశిక్షలన్నిటిని 25 ఏండ్ల కారాగారముగా మార్చినది. ఉదారమైన పనియే గాని, దాని లెక్క తరువాతి తరము తీర్చవలసి వచ్చినది. పసివారిని చంపినవారు సయితము ఆ జాబితాలో ఉండిరి. గడువు తీరి వారు వెలుపలికి వచ్చు దినము సమీపింపగా, 2013లో ప్రత్యేక శాసనము చేసి, అపాయకరులని తోచినవారిని శిక్ష తీరిన పిదప గోస్తినిన్ పట్టణమందలి కేంద్రమున నిర్బంధించుటకు ఏర్పాటు గావించిరి. శిక్ష ముగిసినవానిని మరల నిర్బంధించుట న్యాయమా యని అచ్చట పెద్ద వాదమే చెలరేగినది.

1989 తరువాతను న్యాయస్థానములు కొన్ని మరణశిక్షలు విధించినవి. ఏదియు అమలు జరుగలేదు. ప్రజలలో అధిక సంఖ్యాకులు ఉరిశిక్ష ఉండవలెననియే కోరుచుండిరి. చిత్రము వారి మనస్సు మార్చినదనుటకు ఆధారము లేదు. ఐరోపా దేశముల కూటములలో చేరవలెనను కాంక్షయే పాలకులను ఎక్కువగా నడపినది. 1995లో యావజ్జీవ శిక్షను చేర్చి, ఉరులను నిలిపివేసిరి. 1997 జూన్ 6న క్రొత్త శిక్షాస్మృతి ఆమోదింపబడినది. 1998 సెప్టెంబరు 1 నుండి అది అమలులోనికి వచ్చినది. అందు మరణశిక్ష లేదు.

కీష్లోఫ్‌స్కీ ఆ దినమును చూడలేదు. 1996 మార్చి 13న, గుండె శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, వార్సాలో ఆయన మరణించినాడు. అప్పటికి ఆయన వయస్సు 54.