కార్లైల్ కుర్రాళ్ల సీజన్

గుమ్మలక్ష్మీపురం మన్యంలో ఆశ్రమ పాఠశాల అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ట్రంకు పెట్టె పట్టుకుని కొండమీది గూడ దిగి, హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లు సవర, జాతాపు ఇళ్లలో చాలామందే కనిపిస్తారు. అమెరికాలో ఒక ఆదివాసీ హాస్టల్ కుర్రాళ్లు 1912లో ఆడిన ఫుట్‌బాల్ సీజన్ గురించి ఇక్కడివాళ్లకు చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఆ కథలో గెలుపు ఎంత ఉందో, కడుపుకోత అంత ఉంది.

ఆ బడి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ఊళ్లో ఉండేది. రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి 1879లో పాత సైనిక బారకాసుల్లో దాన్ని తెరిచాడు. ఎక్కడెక్కడి తెగల పిల్లల్నో రైళ్లలో తెచ్చి దించేవారు. రాగానే జుట్టు కత్తిరించి, యూనిఫాం తొడిగి, ఇంగ్లీషు పేరు తగిలించేవారు. ఇంటి భాష నోట వస్తే శిక్ష. పిల్లల్లోని ఆదివాసీతనాన్ని తుడిచేస్తేనే మనిషి మిగులుతాడని ప్రాట్ సిద్ధాంతం. అక్కడే చనిపోయి, ఆ బడి శ్మశానంలోనే ఉండిపోయిన పిల్లలు వందకు పైనే.

కార్లైల్ బడి నడుస్తున్న ఆ ఏళ్లలోనే, మన పక్కనున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మధ్య కూర్చుని వాళ్ల భాష నేర్చుకుంటున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టారు, వాచకాలు రాశారు. అందుకే, ప్రాట్ చేసినదాన్ని ‘ఆ రోజులే అలాంటివి’ అని ఎవరైనా సర్దిచెప్పబోతే నేను ఒప్పుకోను. ఆ రోజుల్లోనే మరో దారి తొక్కినవారు ఉన్నారు.

ఇక ఆట సంగతి. ఇది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకలో బిగించి పరుగెత్తాలి. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ని పట్టినట్టు ఎదుటి జట్టువాళ్లు మీదపడి పడగొడతారు. ఒక కుర్రాడి కాలు విరగడంతో ప్రాట్ బయటి జట్లతో ఆట మాన్పించాడు. 1893లో నలభై మంది దాకా కుర్రాళ్లు వెళ్లి, మళ్లీ ఆడనివ్వమని అడిగారు. ఆయన రెండు షరతులు పెట్టాడు. ఎదుటివాడు కొట్టినా తిరిగి చెయ్యెత్తకూడదు. నాలుగేళ్లలోగా దేశంలోకెల్లా పెద్ద జట్టును ఓడించాలి.

కార్లైల్ నిజానికి కాలేజీ కాదు, చేతిపనులు నేర్పే బడి. ఆడింది మాత్రం హార్వర్డ్, పెన్సిల్వేనియా వంటి విశ్వవిద్యాలయాలతో. ఒళ్లు బరువులో వాళ్ల ముందు వీళ్లు తేలిపోయేవారు. అందుకని కాళ్ల వేగాన్నీ ఎత్తుగడల్నీ నమ్ముకున్నారు. 1903లో హార్వర్డ్ మీద ఆడినప్పుడు, బంతి అందగానే అందరూ గుంపుగా చేరి దాన్ని చార్లీ డిల్లన్ చొక్కా వెనక్కి దూర్చేశారు. అందుకోసం ఆ చొక్కా అంచుకు ముందే ఎలాస్టిక్ కుట్టించి పెట్టారు. డిల్లన్ రెండు చేతులూ ఊపుకుంటూ పరుగెత్తాడు. హార్వర్డ్ వాళ్లు బంతి ఎవరి దగ్గరుందో వెతుక్కుంటుండగానే గీత దాటేశాడు. మ్యాచ్ 12-11తో హార్వర్డే గెలిచింది గానీ, దేశమంతా ఆ పరుగు గురించే చెప్పుకుంది. బంతిని ముందుకు విసరవచ్చని 1906లో నిబంధన మారింది. మరుసటి ఏడాదే కార్లైల్ ఆ విసుర్లతో పెన్సిల్వేనియాను 26-6తో ఓడించింది.

1912 జులైలో స్టాక్‌హోం ఒలింపిక్స్ జరిగాయి. శాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన కార్లైల్ కుర్రాడు జిమ్ థార్ప్ పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ స్వర్ణం గెలిచాడు. పదివేల మీటర్ల పరుగులో రజతం తెచ్చిన లూయిస్ తెవానిమా హోపీ తెగవాడు. అంతకు అయిదేళ్ల ముందు ప్రభుత్వం అతన్ని ఖైదీగా పట్టి కార్లైల్‌కు పంపింది. ఆ ఖైదీయే అమెరికాకు పతకం తెచ్చాడు.

ఆ శరదృతువులో కార్లైల్ 14 మ్యాచ్‌లు ఆడి 12 గెలిచింది. ఒకటి డ్రా, ఒకటి ఓటమి. అన్నింటిలోకీ గొప్పది నవంబరు 9న వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీ మీద ఆడినది. వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా ఆడవాళ్లనీ పిల్లల్నీ కాల్చి చంపి అప్పటికి 22 ఏళ్లే. ఆ తూటాలు గుర్తుంచుకోండని కోచ్ పాప్ వార్నర్ చెప్పి పంపాడని అంటారు. చెప్పకపోయినా వాళ్లకు గుర్తులేక కాదు. కార్లైల్ 27-6తో గెలిచింది. అలెక్స్ ఆర్కాసా మూడుసార్లు గీత దాటాడు. థార్ప్‌ను ఆపడానికి తంటాలు పడిన సైనికుల్లో తర్వాత అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఒకడు. కార్లైల్ ఆటగాడు జో గుయాన్‌తో దురుసుగా ప్రవర్తించినందుకు ఆర్మీ జట్టు కెప్టెన్ డెవోర్‌ను మైదానం బయటికి పంపారు. చెయ్యెత్తవద్దన్న షరతు ఎవరికి పెట్టాల్సిందో ఆ రోజు అందరూ చూశారు.

తర్వాతి శనివారమే పెన్సిల్వేనియా చేతిలో 34-26తో ఓడారు. 1913 మొదట్లో థార్ప్ పతకాలు లాగేసుకున్నారు. అంతకుముందు వేసవుల్లో కాస్త డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడటమే నేరమైంది. అతను చనిపోయిన 29 ఏళ్లకు, 1982లో, వాటిని తిరిగి ఇవ్వాలని నిర్ణయించారు. అప్పుడు కూడా సహవిజేతగానే. ఏకైక విజేతగా అంగీకరించడానికి 2022 దాకా పట్టింది.

ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్. ఓజిబ్వే తెగవాడు. మైదానంలో ఎత్తుగడ చెప్పేది అతనే. బడిలో తిండి సరిగా లేదని, పిల్లల్ని కొడుతున్నారని, ఆట డబ్బు లెక్కలు తేలడం లేదని కుర్రాళ్లలో కోపం ముదిరింది. వెల్చ్ తోటివాళ్ల చేత సంతకాలు పెట్టించి అర్జీ పంపాడు. 1914లో అమెరికన్ కాంగ్రెస్ సంఘం కార్లైల్‌కు వచ్చి విచారణ జరిపింది. విద్యార్థులు భయపడకుండా నిలబడి సాక్ష్యం చెప్పారు. సూపరింటెండెంట్ పదవి పోగొట్టుకున్నాడు. వార్నర్ మరో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. 1918లో బడే మూతపడింది. ఆ మరుసటి ఏడాది వాషింగ్టన్ స్టేట్ కాలేజీ తన ఫుట్‌బాల్ జట్టును గస్ వెల్చ్ చేతికి అప్పగించింది, కోచ్‌గా.