వేళ్ల సుడుల హిసాబ్: ఖాజీ అజీజుల్ హక్

మన ఘరానాల్లో పిల్లలు క్రిమినాలజీ చదువుతామంటే "పోలీసు, అదాలత్, జైలు... ఆ బలా మనకెందుకు బేటా" అంటారు అమ్మీలు. ఆ ఖౌఫ్ ఊరికే పుట్టలేదని నాకు తెలుసు. కానీ ఈ ఇల్మ్ తారీఖ్‌లో మనవారి పేరు ఒకటి ఉందని పిల్లలకు చెప్పాలి.

ఆయన ఖాజీ అజీజుల్ హక్. 1872లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో పుట్టారు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు, సైన్సు చదివి, బెంగాల్ పోలీస్ ఐజీ ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర నౌకరీకి చేరారు.

వేలిముద్రలు ఒక మనిషివి ఇంకొకరికి కలవవని అప్పటికే తెలుసు. ముష్కిల్ వేరే ఉంది. పట్టుబడినవాడు పేరు మార్చి చెబితే, వేల కాగితాల్లో వాడి పాత కాగితం వెతికేదెలా?

హక్ సాబ్ పది వేళ్లను ఐదు జోడీలుగా విడదీశారు. మొదటి జోడీలో సుడి ఉన్న వేలికి 16, తర్వాతి జోడీలకు వరసగా 8, 4, 2, 1. సుడి లేకపోతే సున్నా. జోడీలో ఒక వేలి విలువ పైన, రెండోదాని విలువ కింద వేసి కూడి, రెండు మొత్తాలకూ ఒకటి కలపాలి. పైన 1 నుంచి 32, కింద 1 నుంచి 32. అంటే 32 వరసల అల్మారాలో 1,024 ఖానాలు. ఏ కాగితం ఏ ఖానాలో ఉందో హిసాబే చెబుతుంది.

1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో తెరిచారు. 1901లో లండన్ స్కాట్లాండ్ యార్డ్ ఇదే పద్ధతి తీసుకుంది. దునియా మాత్రం దాన్ని హెన్రీ పద్ధతి అంది. తన సిబ్బందిలో అందరికంటే ఎక్కువ పని హక్‌దేనని హెన్రీ చాలా ఏళ్ల తర్వాత రాసిచ్చారు. ఆయన సాథీ హేమచంద్ర బోస్ మెహనత్ కూడా మరవకూడదు. హక్ సాబ్‌కు 1913లో ఖాన్ సాహిబ్, 1924లో ఖాన్ బహదూర్ ఖితాబులు దక్కాయి. 1935లో ఇంతెఖాల్ అయ్యారు.

జల్పాయ్‌గురిలో ఒక టీ తోట మేనేజర్ ఖత్ల్ కేసు చూడండి. పంచాంగం మీద దొరికిన బొటనవేలి ముద్ర పాత నౌకరు చరణ్‌ది. 1898లో అదాలత్ చోరీకి సజా వేసింది. ఖత్ల్ నేరం మాత్రం సాబిత్ కాలేదంది. ముద్ర చెప్పేది ఆ చెయ్యి అక్కడ తగిలిందని మాత్రమే. మిగతా గవాహి వేరే కావాలి. ఇన్సాఫ్ అంటే ఈ ఫరఖ్ తెలియడమే.

"ఎవరు" అన్న సవాల్‌కు ఫోరెన్సిక్ సైన్స్ జవాబు చెబుతుంది. "ఎందుకు" అన్నది క్రిమినాలజీ అడుగుతుంది. ఆ "ఎందుకు"కి సర్కారు ఒకప్పుడు ఘోరమైన జవాబిచ్చింది. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని జాతుల్ని పుట్టుకతోనే ముజ్రిమ్‌లంది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాల్ని సెటిల్‌మెంట్‌లో పెట్టారు. 1952లో చట్టం పోయింది. బద్‌నామీ అంత తొందరగా పోలేదు. పేరు వినగానే షక్ పడటం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే నేనంటాను, మన పిల్లలు ఈ తాలీమ్‌లోకి రావాలి. మద్రాసు, సాగర్ యూనివర్సిటీల్లో దశాబ్దాలుగా క్రిమినాలజీ చెబుతున్నారు. గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. చదివాక దారులు చాలానే: ఫోరెన్సిక్ ల్యాబ్, వేలిముద్రల బ్యూరో, ప్రొబేషన్ ఆఫీసర్, జైలు వెల్ఫేర్, బాలల కేసులు, సైబర్ నేరాల దర్యాప్తు, రీసెర్చ్. చాలా సర్కారీ పోస్టులకు పోటీ పరీక్ష ఉంటుంది. ల్యాబ్ పోస్టులకు సైన్స్ డిగ్రీ అడుగుతారు. ఇంటర్‌లో గ్రూప్ ఎంచుకునే ముందే ఇది చూసుకోవాలి.

ముజ్రిమ్‌ను పట్టడం ఎంత సవాబో, బేగునాను విడిపించడం అంతే సవాబ్. రెండూ ఒకే మేజా మీద జరిగే పని. ఆ మేజా దగ్గర మన బేటీ, మన బేటా కూడా కూర్చోవాలి.