పొట్ట కొవ్వు పంపే హార్మోన్లు.. గుండెకు ఎందుకు ముప్పు?

వరంగల్: ‘మనిషి సన్నగానే ఉన్నాడు కదా, గుండెపోటు ఎట్లా వచ్చింది?’ మండిబజార్‌లోనైనా, హన్మకొండ చౌరస్తాలోనైనా ఈ మాట తరచూ వినిపిస్తుంది. కాళ్లు చేతులు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన శరీరం మన దగ్గర చాలా మామూలు. ముప్పు దాగి ఉండేది ఆ పొట్టలోనే.

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాసులకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తున్నట్టు తేలింది. మిగతా దేశాల్లో అది దాదాపు 59 ఏళ్లు. అంటే ఇంటికి సంపాదించి పెట్టే వయసులోనే మనవాళ్లు మంచాన పడుతున్నారన్నమాట.

కొవ్వు ఉత్త నిల్వ సరుకు కాదు

ఒకప్పుడు కొవ్వును మిగిలిన శక్తిని దాచుకునే గిడ్డంగిలాగే చూశారు. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనుగొన్నాక ఆ అభిప్రాయం మారింది. కొవ్వు కణజాలం కూడా థైరాయిడ్ లాగా హార్మోన్లు తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. వీటిని అడిపోకైన్లు అంటారు.

ముఖ్యమైనవి ఇవి:

లెప్టిన్: ‘కడుపు నిండింది, ఇక చాలు’ అని మెదడుకు చెప్పే హార్మోన్. కొవ్వు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. కానీ మెదడు ఆ మాట వినడం మానేస్తుంది. దీన్నే లెప్టిన్ నిరోధకత అంటారు. అందుకే మామూలు ఊబకాయానికి లెప్టిన్ ఇంజెక్షన్లు పెద్దగా పనిచేయలేదు.

అడిపోనెక్టిన్: ఇది మేలు చేసే హార్మోన్. ఇన్సులిన్ బాగా పనిచేసేలా చూస్తుంది, రక్తనాళాల గోడల్లో వాపును తగ్గిస్తుంది. విచిత్రం ఏంటంటే, కొవ్వులోనే తయారైనా పొట్ట పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది.

పీఏఐ-1: రక్తం గడ్డ కరగకుండా అడ్డుపడే పదార్థం. పొట్ట కొవ్వు ఎక్కువైతే ఇదీ ఎక్కువవుతుంది.

వీటితో పాటు ఐఎల్-6, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి వాపు కలిగించే రసాయనాలూ పెరుగుతాయి.

గుండె దాకా ఎలా చేరుతుంది?

పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు నుంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికి వెళ్తుంది. అక్కడ ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, ఇన్సులిన్ పట్టు సడలుతుంది. గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనుల గోడల్లో చెడు కొలెస్ట్రాల్ చేరి పూడికలా మారుతుంది. వాపు వల్ల ఆ పూడిక పైపొర బలహీనపడి ఒకరోజు చిట్లుతుంది. వెంటనే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

రక్త పరీక్ష చేయించుకోవాలా?

అవసరం లేదు. రక్తంలో అడిపోనెక్టిన్ ఎక్కువున్న పురుషుల్లో గుండెపోటు తక్కువని 2004లో ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. ఆ తర్వాతి అధ్యయనాల్లో ఆ సంబంధం అంత బలంగా కనిపించలేదు. పైగా ఇప్పటికే గుండె బలహీనమైన రోగుల్లో ఇది ఎక్కువుంటే పరిస్థితి బాగాలేదని అర్థం. కాబట్టి ఈ హార్మోన్ల అంకె చూసి డాక్టర్లు మందులు రాయరు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలే అసలైనవి.

ఇంట్లో ఒక టేపు చాలు

చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో టేపు పెట్టి, శ్వాస వదిలాక కొలవాలి. భారతీయుల్లో పురుషులకు 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. ప్యాంటు సైజును నమ్మొద్దు, చాలామంది దాన్ని పొట్ట కిందికి కడతారు.

ఏం చేయాలి?

బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు మెరుగుపడతాయి. భద్రకాళి చెరువు కట్ట మీదో, పబ్లిక్ గార్డెన్‌లోనో రోజూ అరగంట వేగంగా నడవడం మంచి మొదలు. పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, కూరగాయలు పెంచాలి. రాత్రిపూట జొన్న రొట్టె మేలు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు సమోసాలు, మిర్చీ బజ్జీలు రోజూ కాకుండా పండ్లు, శనగలు పెట్టుకోవచ్చు. షుగర్, గుండె మందులు వాడేవారు రోజాకు ముందే డాక్టర్‌ను అడగాలి. బీడీ, సిగరెట్, గుట్కా పూర్తిగా మానాలి.

ఛాతీ మధ్యలో బరువుగా అనిపించడం, ఎడమ చేయి లేదా దవడ లాగడం, చెమటలు పట్టడం కనిపిస్తే గ్యాస్ అనుకొని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మహిళల్లో, షుగర్ ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. అర్హులైన కుటుంబాలకు ఆరోగ్యశ్రీ కింద ఏటా 10 లక్షల రూపాయల దాకా వైద్యం ఉంది. ఖర్చుకు భయపడి ఆలస్యం చేస్తే, ప్రతి నిమిషానికీ గుండె కండరం కొంత చచ్చిపోతూనే ఉంటుంది.