కరెంటు పంపిణీ ప్రైవేటుకు: ఒడిశా రెండుసార్లు ఎందుకు అమ్మింది?

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా, వీధుల్లో తెలుగు బాగా వినిపించే బరంపురంలో కరెంటు బిల్లు మీద పేరు పాతికేళ్లలో మూడుసార్లు మారింది. మొదట రాష్ట్ర విద్యుత్ బోర్డు. 1996లో గ్రిడ్కో. తర్వాత సౌత్కో. 2021 జనవరి నుంచి టాటా పవర్ నడిపే టీపీఎస్ఓడీఎల్. మధ్యలో సౌత్కో పేరు మారకుండానే యజమాని పోయి, ప్రభుత్వ అధికారి పాలన వచ్చింది. విద్యుత్ పంపిణీ ప్రభుత్వం చేతిలో ఉండాలా, ప్రైవేటుకు ఇవ్వాలా అన్న వాదనలో రెండు పక్షాలవారూ ఒడిశానే ఉదాహరణగా చూపడానికి కారణం ఇదే.

ఆ వాదన పాతబడలేదు. ఉత్తరప్రదేశ్‌లో 42 జిల్లాలకు కరెంటిచ్చే పూర్వాంచల్, దక్షిణాంచల్ డిస్కంలను ప్రైవేటుకు ఇస్తామన్న ప్రతిపాదన 2024 నవంబరులో రావడంతో ఉద్యోగ సంఘాలు ఆందోళనకు దిగాయి. చండీగఢ్‌లో 2025 ఫిబ్రవరిలో పంపిణీ బాధ్యత ఆర్పీ-సంజీవ్ గోయెంకా గ్రూపు చేతికి వెళ్లింది.

దేశంలో బోర్డును విడగొట్టి సంస్కరణలు మొదలుపెట్టిన తొలి రాష్ట్రం ఒడిశా. ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో 1995లో చట్టం చేసి, 1999లో నాలుగు పంపిణీ కంపెనీల్లో 51 శాతం చొప్పున వాటా అమ్మింది. మూడింటిని బీఎస్ఈఎస్ తీసుకుంది. భువనేశ్వర్, కటక్ ప్రాంతాలకు కరెంటిచ్చే నాలుగోది అమెరికా కంపెనీ ఏఈఎస్‌కు దక్కింది. ఏఈఎస్ అడుగుపెట్టిన కొద్ది వారాలకే, అక్టోబరు 29న, సూపర్ సైక్లోన్ తీరాన్ని ఊడ్చేసింది. కూలిన స్తంభాలు, తెగిన లైన్లు బాగుచేసే ఖర్చు ఎవరిదన్నది తేలకుండానే, 2001లో ఆ కంపెనీ వెళ్లిపోయింది.

తప్పంతా తుపానుది కాదు. అమ్మేముందు కాగితాల మీద చూపిన నష్టాల కంటే అసలు నష్టాలు చాలా ఎక్కువని తర్వాత బయటపడింది. మీటర్లే లేని కనెక్షన్లు, ఉన్నా తిరగని మీటర్లు ఉన్నచోట ఎంత కరెంటు పోతోందో లెక్క తేల్చడం ఎవరి తరం? పైగా ఆస్తుల విలువ పెంచి చూపడంతో ఆ భారం చార్జీల మీద పడింది. గాడిన పడేదాకా ఆదుకోవాల్సిన ప్రభుత్వం సబ్సిడీ ఆపేసింది. కొన్నవాళ్లు కూడా చేతిలోంచి పెట్టుబడి పెట్టలేదు. కొన్న కరెంటుకు గ్రిడ్కోకు సరిగా చెల్లించనూ లేదు. మిగిలిన మూడు కంపెనీలు అప్పటికి రిలయన్స్ ఇన్‌ఫ్రా చేతిలో ఉన్నాయి. నష్టాలు తగ్గించలేదని 2015 మార్చిలో నియంత్రణ మండలి వాటి లైసెన్సులు రద్దు చేసింది.

2002 జులైలో ఢిల్లీ ఇదే పని వేరే షరతులతో చేసింది. ఎక్కువ ధర ఇచ్చేవాళ్లకు కాకుండా, నష్టాలు ఎక్కువ తగ్గిస్తామన్న వాళ్లకు కంపెనీలు అప్పగించింది. మొదటి అయిదేళ్ల లోటు పూడ్చడానికి సుమారు రూ.3,450 కోట్లు సమకూర్చింది. అప్పట్లో సగం దాకా ఉన్న నష్టాలు ఇప్పుడు 10 శాతంలోపే. ప్రైవేటీకరణను సమర్థించేవారు ఇక్కడితో ఆగిపోతారు. కానీ ఖర్చుకు తగ్గట్టు చార్జీలు పెంచకుండా ఏటా వాయిదా వేసిన మొత్తం, వడ్డీతో కలిపి, 2024 మార్చి నాటికి మూడు కంపెనీలకూ రూ.27,200 కోట్లకు చేరింది. పేరుకుపోయిన ఇలాంటి బకాయిలను నిర్ణీత గడువులోగా తీర్చాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ట్రూఅప్ చార్జీల దెబ్బ తిన్న తెలుగు వినియోగదారులకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒడిశా రెండోసారి ఢిల్లీ దారి పట్టింది. 2020, 2021ల్లో నాలుగు కంపెనీలూ టాటా పవర్‌కే వెళ్లాయి. 51 శాతం టాటాది, 49 శాతం ప్రభుత్వానిది, లైసెన్సు 25 ఏళ్లు. పాత అప్పుల్లో చాలావరకు కొత్త కంపెనీల నెత్తిన పెట్టలేదు. నష్టాలు ఏటా ఎంత తగ్గించాలో ముందే రాసుకున్నారు.

ఇందులో ప్రైవేటు ఎంత? కంపెనీ కరెంటు కొనేది ప్రభుత్వ సంస్థ గ్రిడ్కో దగ్గర. కొనే ధర, అమ్మే ధర రెండూ నియంత్రణ మండలి చెప్పినవే. రాష్ట్రమంతా వినియోగదారులకు ఒకే టారిఫ్ ఉంటుంది. పరిశ్రమలు తక్కువ, పేద వినియోగదారులు ఎక్కువైన దక్షిణ ఒడిశా కంపెనీకి మాత్రం గ్రిడ్కో తక్కువ ధరకు ఇస్తుంది. బరంపురం బిల్లు కాస్త తేలిగ్గా ఉందంటే అందులో పెద్ద వాటా ఈ సర్దుబాటుది, యజమానిది కాదు. యజమాని పనితనం తెలిసేది లైను మరమ్మతులో, మీటరులో, వసూళ్లలో. స్మార్ట్ మీటర్లపై ఒడిశాలో జనం నిరసనలు కూడా అక్కడే పుట్టాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా 1998లో సంస్కరణల చట్టం చేసి, 1999లో బోర్డును విడగొట్టింది. చార్జీల పెంపుపై ఉద్యమం 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులకు దారితీసింది. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి డిస్కంలు ప్రభుత్వానివే, ఇప్పటికీ ప్రభుత్వానివే. ఆ రోజు వీధిలోకి వచ్చినవాళ్లు అడిగింది యజమాని ఎవరని కాదు, బిల్లు ఎంతని.