బట్ట మీద రంగు, రేకు మీద విద్యుత్తు

సౌర ఘటం అనగానే ఇంటి కప్పుల మీద కనిపించే ఫలకాలు మీకు గుర్తుకు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం సిలికాన్ దిమ్మెలను కోసి తీసిన పలుచని బిళ్లలతో తయారైనవే. అయితే పదార్థాన్ని సిరాగా మార్చి, రేకు మీదో గాజు మీదో ముద్రించి కూడా సౌర ఘటం చేయవచ్చు. ఈ పద్ధతిలోని అసలు చిక్కు అర్థం కావాలంటే పుదుచ్చేరి చరిత్రలోకి ఒకసారి వెళ్లాలి.

కూర్డూ అనే ఫ్రెంచి జెస్యూట్ మతాచార్యుడు 1732లో మనదేశానికి వచ్చి, 1779లో పుదుచ్చేరిలో మరణించాడు. తెలుగు, సంస్కృతం నేర్చిన పండితుడు. మన తూర్పు తీరపు అద్దకం పద్ధతిని వివరిస్తూ 1742లో ఆయన ఫ్రాన్సుకు ఒక లేఖ రాశాడు. ఆనాడు ఆ లేఖకు ఎంతో విలువ ఉంది. మన రంగుల బట్టల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లోనే వాటిని నిషేధించింది. ఉతికినా వెలిసిపోని ఆ రంగుల రహస్యం అక్కడివారికి అంతుపట్టలేదు.

ఆ రహస్యం ఏమిటి? ముందుగా బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెట్టేవారు. పాలలోని కొవ్వు వల్ల, తరువాత కలంతో గీసిన పటిక నీళ్లు పక్కలకు పాకేవి కావు. ఆపైన చిరివేరు వేసి మరిగిస్తే, పటిక ఉన్నచోటే ఎరుపు తేలేది. గమనించండి: కలంతో పెట్టింది రంగు కాదు. రంగు ఆ తరువాత రసాయనిక చర్యలో పుట్టింది.

ఫ్రాన్సు 1759లో నిషేధం ఎత్తివేసింది. మరుసటి ఏడాది జూయీ గ్రామంలో ఒబెర్‌కాంఫ్ అద్దకం కర్మాగారం పెట్టాడు. 1783లో థామస్ బెల్ రోలరు ముద్రణకు పేటెంటు పొందాడు. కలం స్థానంలో చెక్క అచ్చు, అచ్చు స్థానంలో రోలరు వచ్చాయి.

ఇప్పుడు సౌర ఘటం సంగతి చూద్దాం. పెరోవ్‌స్కైట్ ఘటంలో సిరా అంటే సీసపు అయొడైడు వంటి లవణాల ద్రావణం. సన్నని చీలిక గుండా దాన్ని కదిలే రేకు మీద పరుస్తారు, లేదా ఇంక్‌జెట్ యంత్రంతో చుక్కలుగా వేస్తారు. ద్రావణి ఆవిరైపోయి, వేడి తగిలినప్పుడు స్ఫటికాల పొర ఏర్పడుతుంది. దాని మందం సుమారు అర మైక్రోమీటరు. సిలికాన్ బిళ్ల మందం 150 మైక్రోమీటర్లకు అటూఇటూ. చుక్క ఆరేటప్పుడు పదార్థం అంచులకు చేరితే పొర ఎగుడుదిగుడు అవుతుంది. పటిక నీళ్లు పాకకుండా చూసిన పనివారి సమస్య వంటిదే ఇది కూడా.

2002లో అమెరికాలో నానోసోలార్ సంస్థ మొదలైంది. రాగి, ఇండియం, గాలియం, సెలీనియంతో కూడిన పొరను అల్యూమినియం రేకు మీద ముద్రించి, 2007లో ఫలకాలు అమ్మింది. ఇంతలో సిలికాన్ ఫలకాల ధర బాగా పడిపోయింది. 2013లో ఆ సంస్థ మూతపడింది. పెరోవ్‌స్కైట్ ఘటం 2009లో జపానులో మియసాక బృందం చేతుల్లో 3.8 శాతం సామర్థ్యంతో మొదలై, నేడు ప్రయోగశాలల్లో 26 శాతం దాటింది. కాని తేమ, వేడి తగిలితే ఆ పొర చెడిపోతుంది. పుదుచ్చేరి వంటి సముద్రతీరంలో ఏళ్ల తరబడి నిలవాలంటే గాలి చొరబడని కవచం కావాలి. అందులోని సీసం నీటిలో కలవకుండా చూడాలి.

ముద్రించడం వేగంగా జరిగే పని. నిలబెట్టడమే కష్టం. మన పనివారికి ఈ సంగతి అనుభవంలో తెలుసు. ఆ విద్య ఒక లేఖలో సముద్రం దాటింది. యంత్రాలు కట్టినవారు లాభపడ్డారు. నేడు హైదరాబాదులోని ఏఆర్‌సీఐ వంటి సంస్థలు సౌర పదార్థాల మీద పరిశోధన చేస్తున్నాయి. పరిశోధన ఇక్కడ జరిగి, యంత్రం మరెక్కడో తయారైతే పాత కథే మళ్లీ నడుస్తుంది. రసాయన శాస్త్రం చదివేవారూ, యంత్రశాస్త్రం చదివేవారూ కలిసి పనిచేస్తేనే ఈ విద్య మన చేతిలో ఉంటుంది.