ఎండ్రకాయలు పట్టిన కాలం

మన ఊర్ల చరిత్ర అంటే పాళెగాళ్ళు, కోటలు, గుళ్ళే అందరికీ గుర్తొస్తాయి. గుడిబండ దగ్గర అమానీ భైరసాగరం చెరువు కట్టించాడని బైరేగౌడ పేరు చెప్పుకుంటాం. అలాంటి చెరువుల కింద మడిగట్లలో మన పెద్దోళ్ళు పట్టి వండుకున్న ఎండ్రకాయల గురించి మాత్రం ఎవరూ రాయరు. ఈసారి అదే రాద్దామనుకున్నాం.

లాబ్‌స్టర్లు పట్టి వండుకునే సరదా సముద్రం ఒడ్డు వాళ్ళది. మంచేనహళ్ళి వైపు ఆ సరదా అంతా ఎండ్రకాయలతోనే. కోస్తావాళ్ళు పీత అంటారు.

చెరువు నిండి కోడి పడితే పండగే. (కోడి అంటే కన్నడంలో చెరువు మిగులు నీళ్ళు పొర్లే చోటు. ఆంధ్ర చుట్టాల ముందు "కోడి పడింది" అంటే ఎక్కడ పడిందని వెతుకుతారు!) గట్టులో బొక్క మూతి దగ్గర తడిమట్టి ఉండలు తాజాగా ఉంటే లోపల ఎండ్రకాయ ఉన్నట్టు. మూతి నున్నగా ఉంటే చెయ్యి పెట్టకూడదు, పాము ఉండొచ్చు. ధైర్యం చాలనోళ్ళు కట్టెకు దారం, దారానికి ఎర్ర కట్టి ఆడించేవాళ్ళు. ఒకసారి పట్టుకుంటే అది తొందరగా వదలదు, మెల్లగా పైకి లాగాలి. నీరుగంటి చూస్తే తిట్లే. గట్టు తవ్వితే మడిలో నీళ్ళు కారిపోతాయి కదా!

డిప్ప తీసి కడిగి, కాళ్ళు రోట్లో దంచి, నీళ్ళు పోసి వడగట్టాలి. ఆ రసమే పులుసుకు ప్రాణం. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ధనియాలు, మిరియాలు, కొంచెం చింతపండు. పక్కన రాగి సంగటి. జలుబుకు, దగ్గుకు మందని పిల్లోళ్ళకు తాగించేవాళ్ళు. కాకపోతే బాగా ఉడకాలి. సరిగా ఉడకని మంచినీటి పీతలు తింటే ఊపిరితిత్తుల్లో పురుగు చేరుతుంది, మణిపూర్‌లో ఈ జబ్బు చాలామందికి వచ్చింది. దానికీ గుర్తు దగ్గే.

మరి ఎండ్రకాయలు ఎక్కడికి పోయాయి? చెరువులు ఎండాయి, బోర్లు వందల అడుగులు దిగాయి, వరి పోయి మొక్కజొన్న వచ్చింది. ఎండ్రకాయ ఎండాకాలం బొక్కలో దాక్కొని బతుకుతుంది, అయితే అడుగున తేమ ఉన్నంతవరకే. పైగా పురుగుమందులు. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వాళ్ళు 1980ల నుంచే ఈ మడి ఎండ్రకాయ మీద పరిశోధనలు చేసి, పంటల మందులు దాన్ని ఎట్లా దెబ్బతీస్తాయో రాశారు.

2021 నవంబర్ వానలకు మా జిల్లాలో చెరువులు నిండి పొర్లాయి. నీళ్ళు వస్తే ఎండ్రకాయలూ వస్తాయనుకుంటారు చాలామంది. అది అంత సులువు కాదు. సముద్రపు పీత పిల్లలు నీళ్ళలో తేలుతూ ఎంతో దూరం పోతాయి. మన ఎండ్రకాయ తల్లి గుడ్లను పొట్ట కిందే మోస్తుంది, వాటి నుంచి నేరుగా చిన్న ఎండ్రకాయలే వస్తాయి. అవి ఎక్కువ దూరం పోవు. ఒక చెరువులో విత్తనం పోతే పక్క చెరువు నుంచి రావడానికి ఏళ్ళు పడుతుంది. పక్కదీ ఎండిపోయి ఉంటే ఇంకెక్కడి నుంచి వస్తుంది?

స్వీడన్‌లో మంచినీటి క్రేఫిష్ పట్టి ఆగస్టులో విందు చేసుకోవడం పెద్ద ఆచారం. 1907లో అక్కడికి తెగులు వచ్చి ఆ జాతి తుడిచిపెట్టుకుపోతూ వచ్చింది. 1960లలో అమెరికా జాతిని తెచ్చి వదిలారు. అదే తెగులును మోసుకొచ్చే జాతి! విందు మిగిలింది, సొంత జాతి చాలావరకు పోయింది. ఎక్కడి నుంచో తెచ్చి మన చెరువుల్లో వదులుదామనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు ఇంకో సంగతి ఉంది. హెబ్బాళ-నాగవార పథకంలో బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి 65 చెరువులకు ఇస్తామన్నారు, అందులో మా జిల్లా చెరువులూ ఉన్నాయి. శుద్ధి రెండో దశ వరకే, మూడో దశ కావాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. ఎండ్రకాయ బతికేదే బురదలో, బురదలో చేరిన లోహాలు దాని ఒంట్లోనూ చేరతాయి. అందుకే ఆ నీళ్ళు చేరే ప్రతి చెరువు బురదనూ పరీక్ష చేయించి, ఫలితాన్ని పంచాయితీ గోడ మీద అంటించాలని మేము అడుగుతున్నాం. అంతవరకు ఆ చెరువుల్లో పిల్లోళ్ళు సరదాకు పట్టినా వండొద్దండి.

మీ మడిలో ఆఖరిసారి ఏ ఏడాది ఎండ్రకాయను చూశారో ఇంట్లో పెద్దోళ్ళను అడిగి, ఊరి పేరుతో రాసి పంపండి.